తోటివారు పెట్టిన పేరు

హాస్టలులో చేరిన వారం దినములకే విద్యార్థి అసలు పేరు మరుగునపడి, తోటివారు పెట్టిన పేరు స్థిరపడుచున్నది. ఇది స్నేహచిహ్నమని కొందరందురు. కొంతవరకు మేమును అంగీకరింతుము. పిల్లిపిల్లను చేరదీసినందున హజ్రత్ అబూ హురైరాకు ‘పిల్లిపిల్ల తండ్రి’ అను ఆ పేరు వచ్చినది. మసీదులో పరుండి, వీపునకు మట్టి అంటిన హజ్రత్ అలీని ప్రవక్త (స) ‘అబూ తురాబ్’, అనగా ‘మట్టి తండ్రి’ అని పిలిచి లేపిరి. అలీకి అంతకంటె ప్రియమైన పేరు లేదు.

కాని దివ్య ఖుర్ఆన్ 49వ సూరా 11వ వాక్యము నొప్పించు పేర్లతో పిలుచుకొనుటను నిషేధించినది. పిలిచినపుడు మనిషి సంతోషముతో పలుకుచున్నాడా అన్నదే మా కొలత. మాట తడబడునని ‘నత్తి’ యను పేరు పొందిన మా విద్యార్థి యొకడు ఈ సంవత్సరము పద్యపఠన పోటీకి పేరీయలేదు. గదిలో ఒంటరిగా చదువుచుండగా మేము వింటిమి, ఎక్కడను తడబడలేదు.