ఆడిట్‌కు అంకెలు చాలు, పేర్లెందుకు?

పాఠకులారా, శస్త్రచికిత్సల ఆడిట్‌కు నేను వ్యతిరేకిని కాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు సిజేరియన్లే. ఇన్ని కోతలు ఎందుకని అడగవలసిందే. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయగా నలుగురు మరణించారు. లెక్క చూడని చోట ప్రాణాలు పోతాయి.

అయితే ఆ లెక్కకు మీ పేరు ఎందుకు? పరికరాలను ఎలా శుద్ధి చేశారు? కుట్ల వద్ద చీము పట్టిందా? రోగి మళ్లీ ఆసుపత్రిలో చేరవలసి వచ్చిందా? ఆడిట్ అడిగే ఈ ప్రశ్నలలో ఏ ఒక్కదానికీ పేరుతో, ఫోను నంబరుతో పని లేదు. అటువంటప్పుడు రిజిస్టరు పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడాన్ని ఏ శాస్త్రం సమర్థిస్తుంది?

"పేరు కొట్టివేశాం కదా" అని కొందరు వైద్య మిత్రులు అంటారు. మహానగరంలో అది చెల్లుతుందేమో కాని, వికారాబాద్, తాండూరులలో చెల్లదు. "24 ఏళ్లు, ఫలానా తండా, గర్భసంచి తొలగింపు, ఫలానా తేదీ" అని రాశాక ఆమె ఎవరో తండా అంతా చెప్పగలదు. అత్తవారింట ఆమె పడే మాటలకు ఏ ఆడిట్ జవాబుదారీ వహిస్తుంది?

ఆపరేషన్‌కు ముందు వేసిన వేలిముద్ర ఆ ఆపరేషన్‌కే పరిమితం. ఒక చికిత్సకిచ్చిన సమ్మతి మరొక చికిత్సకు వర్తించదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. దేహానికి వర్తించే ఈ న్యాయం దేహపు రహస్యాలకు వర్తించదా? 2009లో ఖమ్మం జిల్లా హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో బాలికల తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దానిని తీవ్రంగా తప్పుపట్టింది. పేదల సమ్మతి మనకు ఇంకా లాంఛనమేనా?

ప్రతి ఆడిట్‌కూ సంతకం అడగమని నేననడం లేదు. ఆసుపత్రి తన పనిని తాను సరిచూసుకోవచ్చు. తేదీకి బదులు నెల, ఊరికి బదులు జిల్లా, పేరుకు బదులు సంకేత సంఖ్య రాసుకోవాలి. ఆ సంకేతాల పట్టిక తాళంలో ఉండాలి. ఆ సమాచారం పరిశోధనగా మారితే నైతిక సంఘం అనుమతి కావాలి. రోగిని గుర్తుపట్టగలిగే ఫోటో ప్రచురించాలంటే రోగి అనుమతి తప్పనిసరి. 2002 నాటి వైద్య మండలి నియమావళి చెప్పేదీ అదే.

ఇక మీ వంతు. ఈసారి సంతకం పెట్టేముందు అడగండి: "నా వివరాలు ఎవరు చూస్తారు? ఎందుకు?" జవాబు చెప్పడం వైద్యుని ధర్మం.