మూడేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీలో చోటివ్వాలి

మిరప కోతల కాలంలో గుంటూరు, ఖమ్మం పల్లెల్లో కూలీల ఆటోలు పొద్దున్నే బయల్దేరతాయి. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి. తెరిచినా, ఏడాదిన్నర బిడ్డకు అక్కడ చోటుండదు. ఆ తల్లి కూలి మానుకోవాలి, లేదా చేలో చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టాలి. రెండూ కుదరకపోతే పెద్దపిల్లను బడి మాన్పించి చంటిదాన్ని అప్పగించాలి. చంటిదాని ఆలనా పాలనా పదేళ్ల పిల్ల చదువుతో కొంటున్నామన్న మాట.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకానికి యాభై ఏళ్లు నిండాయి. మూడేళ్లు నిండని పిల్లలకు ఇప్పటికీ అందేది ఇంటికిచ్చే బాలామృతం పొట్లం, టీకాలు, తూకం. పగలంతా బిడ్డను చూసేదెవరన్నది తల్లికే వదిలేశారు. యాభై మంది సిబ్బంది ఉన్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం (క్రెష్) పెట్టాలని 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ చెప్పింది. రోజుకో చేలో కలుపు తీసే మనిషికి, నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషికి ఆ చట్టంతో ఒరిగేదేమిటి?

అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలన్న కేంద్రం 'పాల్నా' పథకం సరైన ఆలోచనే. కానీ 17 వేల కేంద్రాలే లక్ష్యం. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు!

అలాగని ఉన్న టీచరుకే చంటిపిల్లల్నీ అంటగడితే మేం ఒప్పుకోం. వంట, పూర్వప్రాథమిక విద్య, రికార్డులు, ఫోన్ యాప్‌లో ఫొటోలు, ఆపైన సర్వేలు... ఇప్పటికే ఆమెకు ఊపిరాడటం లేదు. జీతం పెంచమని 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వేలమంది రోడ్డెక్కింది అందుకే. నాణ్యత ఎంత ముఖ్యమో విదేశీ అనుభవమూ చెబుతోంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 1997లో రోజుకు ఐదు డాలర్ల శిశు సంరక్షణ తెచ్చింది. తల్లుల ఉద్యోగాలు బాగా పెరిగాయి. మరోవైపు కొందరు పిల్లల్లో ఆందోళన, దుడుకుతనం పెరిగాయని పరిశోధకులు తేల్చారు. కేంద్రాలన్నీ ఒకే నాణ్యతతో నడవకపోవడం అక్కడి పెద్ద లోపం. దాన్ని చూపి పథకమే వద్దనడం అన్యాయం. ఎత్తుకుని, మాట్లాడి, వేళకు తినిపించే మనిషి సరిపడా ఉంటేనే పసిబిడ్డకు మేలు.

కాబట్టి క్రెష్‌కు విడిగా శిక్షణ పొందిన కార్యకర్త, ఆయా ఉండాలి. వాళ్లకు గౌరవ వేతనం కాదు, కనీస వేతనం ఇవ్వాలి. వేళలు కూలి వేళలను బట్టి ఉండాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ వచ్చే బడ్జెట్‌లోనే ఈ పోస్టులకు డబ్బు కేటాయించి, ముందుగా మిరప, పత్తి మండలాల్లో కోతలు మొదలయ్యేలోగా కేంద్రాలు తెరవాలి.