పాలిచ్చే తల్లి దుస్తులు ఎవరి బాధ్యత?

ఇంట్లో బిడ్డ పుట్టబోతున్నదంటే ఏర్పాట్లు నెలల ముందే మొదలవుతాయి. పొత్తిగుడ్డలు, ఊయల, దోమతెర, ఛట్టీ నాటి భోజనం, ఏడవ రోజు అఖీఖాకు పొట్టేళ్ళ బేరం - వీటిలో ఏ ఒక్కటీ మనం మరచిపోము. అయితే ఆ బిడ్డకు రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు పాలివ్వవలసిన తల్లి ఏమి ధరిస్తుందన్న ఆలోచన మాత్రం మన జాబితాల్లో కనిపించదు.

ఈ నెల ఆ విషయమే చర్చించదలచాము. ఫీడింగ్ బ్రా, అంటే మన పెద్దవాళ్ళు 'బాడీ' అని పిలిచే లోదుస్తులలో పాలిచ్చే తల్లికి అనువైనది, కాస్త భారీ శరీరం గల సోదరీమణులకు అందుబాటు ధరలో దొరకటం ఎలా? ఇలాంటివి పత్రికలో రాయటమేమిటని కొందరు నొచ్చుకోవచ్చు. హయా మన విశ్వాసంలో భాగమే, సందేహం లేదు. కాని తెలుసుకోవలసినది అడగటానికి సిగ్గు అడ్డురాలేదనే అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. ఆ ఆదర్శం మన ముందున్నది.

తెనాలి–రేపల్లె రైలు మార్గంలో ఉన్న భట్టిప్రోలు వంటి ఊరినే తీసుకుందాం. అక్కడి సోదరి ఫ్యాన్సీ షాపుకో, మ్యాచింగ్ సెంటరుకో వెళ్ళి ఫీడింగ్ బ్రా అడిగితే సాధారణంగా 32 నుండి 36 వరకు, అవీ 'బి' కప్పులో చూపిస్తారు. 38, 40, 42 కొలతల్లో 'డి' కప్పు కావాలంటే "లేదమ్మా" అన్న జవాబే ఎక్కువ. కౌంటరు వద్ద పురుషుడు ఉంటే ఆ మాట కూడా అడగలేక, చేతికిచ్చినదే తీసుకొని వచ్చేస్తుంది.

దాని ఫలితం చిన్నది కాదు. బిగుతైన బాడీ, ముఖ్యంగా అడుగున తీగ ఉన్నది, పాలు వచ్చే నాళాలను ఒత్తుతుంది. పాలు నిలిచి గడ్డకట్టి నొప్పి, ఎరుపు, జ్వరం రావచ్చు. పాలివ్వటమే నరకమైనప్పుడు డబ్బాపాలు ఇంట్లోకి వస్తాయి. ఆ తరువాత "ఆమెకు పాలు పడలేదు" అన్న అపవాదు తల్లికే మిగులుతుంది. నిజానికి స్తనాల పరిమాణానికీ పాలు పడటానికీ సంబంధం లేదు. చిన్నవైనా పెద్దవైనా, బిడ్డ ఎంత తరచుగా, ఎంత సక్రమంగా తాగితే పాలు అంతగా ఊరుతాయి.

పాలిచ్చే తల్లి విషయంలో దివ్య ఖుర్ఆన్ ఎంత స్పష్టంగా ఉన్నదో గమనించండి. అల్ బఖరా సూరా 233వ ఆయత్ పాలిచ్చే కాలాన్ని పూర్తి చేయదలచినవారికి నిండు రెండేళ్ళు నిర్ణయించింది. ఆ వెంటనే తల్లి తిండి బాధ్యతనూ, దుస్తుల బాధ్యతనూ ధర్మసమ్మతంగా తండ్రిపై ఉంచింది. ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపరాదని కూడా అక్కడే హెచ్చరించింది. తిండితో సమానంగా దుస్తుల ప్రస్తావన ఉన్నది. పైకి కనిపించే చీర మాత్రమే దుస్తులనీ, పాలివ్వటానికి తప్పనిసరైన లోదుస్తు వాటిలోకి రాదనీ అనుకోవటానికి ఆధారమేమిటి?

మన ప్రాంతపు ఆచారం వేరుగా ఉన్నది. తొలి కాన్పు పుట్టింటిలోనే జరగాలనీ, ఖర్చంతా వాళ్ళే భరించాలనీ అనుకుంటాం. ఏడో నెలకో తొమ్మిదో నెలకో అమ్మాయి పుట్టింటికి చేరుతుంది. అక్కడ అమ్మీ అబ్బా ఆసుపత్రి ఖర్చులకే సతమతమవుతుంటారు. "వాళ్ళు కొంటారులే" అని అత్తింటివారు ఊరుకుంటారు. రెండిళ్ళ మధ్యా అమ్మాయి నోరు విప్పదు. పుట్టింటివారు ప్రేమతో ఇస్తే అది వారి ఔదార్యం. బాధ్యత మాత్రం భర్తదే. కనుక భార్యను పుట్టింటికి పంపేటప్పుడే ఈ ఖర్చును ఆమె చేతిలో పెట్టటం అతనికి శోభనిస్తుంది.

ఇక ఆచరణలోకి వద్దాం. మొదటిది కొలత. ఎనిమిదో నెల దాటాక టేపుతో స్తనాల కింద ఛాతీ చుట్టూ అంగుళాల్లో కొలవాలి. తరువాత స్తనాల ఎత్తైన భాగం చుట్టూ కొలవాలి. మొదటిది పట్టీ కొలత. రెండింటి తేడా రెండంగుళాలైతే 'బి', మూడైతే 'సి', నాలుగైతే 'డి' కప్పు. ఉదాహరణకు కింద 38, పైన 42 వస్తే కావలసినది 38 'డి'. చాలా షాపుల్లో అది లేక 42 'బి' అంటగడతారు. అప్పుడు పట్టీ వదులై బరువంతా భుజాల మీద పడి, పట్టీలు కోసుకుపోతాయి, వెన్ను నొప్పి పుడుతుంది. 38 'డి' దొరకకపోతే 40 'సి' అడగండి. కప్పు దాదాపు అంతే ఉంటుంది, పట్టీని లోపలి హుక్కుకు పెట్టుకోవచ్చు.

రెండవది సమయం. ప్రసవానికి ముందు రెండు కొంటే చాలు. కప్పు ఒక మెట్టు పెద్దదిగా తీసుకోవాలి. కాన్పు తరువాత రెండు నుండి అయిదు రోజుల్లో పాలు నిండి స్తనాలు మరింత బరువెక్కుతాయి. గర్భంతో ఉన్నప్పుడు పట్టీ చివరి హుక్కుకు, అంటే అన్నింటికంటే వదులుగా సరిపోవాలి. కాన్పు తరువాత ఛాతీ తగ్గినకొద్దీ లోపలికి బిగించుకోవచ్చు. దాదాపు ఆరు వారాలకు శరీరం కుదురుకుంటుంది. అప్పుడు మళ్ళీ కొలిచి మిగతావి కొనుక్కోవాలి. ఒకటి ఒంటిమీద, ఒకటి ఆరవేసి, ఒకటి చేతిలో - కనీసం మూడు ఉండాలి. కృష్ణా డెల్టా ఉక్కపోతకు కాటనే మేలు. తీగ ఉన్నది వద్దు.

మూడవది దొరికే చోటు. ఊళ్ళో లేకపోతే రేపల్లె, తెనాలి షాపుల్లో స్త్రీలు అమ్మేచోట కొలత కాగితం చూపించి అడగండి. నలుగురు గర్భవతులు కలిసి తమ కొలతలు ఒకే షాపుకు ఇస్తే యజమాని టోకు వ్యాపారి నుండి తెప్పించటానికి వెనుకాడడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు కొనకముందే మార్పిడి షరతులు చదవాలి. లోదుస్తులను తిరిగి తీసుకోనివారు ఉన్నారు. పట్టీ మాత్రమే చాలకపోతే హుక్కులున్న అదనపు పట్టీ ముక్క ఫ్యాన్సీ షాపుల్లో చవకగా దొరుకుతుంది.

కుట్టుమిషను ఉన్న సోదరీమణులకు ఒక మాట. తీగ లేని, కొలతకు సరిపోయిన మామూలు కాటన్ బాడీని మీరే ఫీడింగ్ బ్రాగా మార్చవచ్చు. భుజం పట్టీ కప్పుతో కలిసేచోట కుట్టు విప్పండి. విప్పిన పట్టీ చివర నుండి చంక పక్కగా కింది పట్టీ వరకు ఒక కాటన్ నాడా కుట్టండి. కప్పు దించినా భుజం పట్టీ జారిపోదు. కప్పు పై కొనకు హుక్కు, పట్టీకి కాజా పెడితే పని పూర్తి. మన నానమ్మల ముందు ముడి రవిక కూడా ఇదే అవసరాన్ని తీర్చింది. ఈ పని నేర్చుకున్న సోదరికి అది హలాల్ సంపాదన కూడా.

పాలు కారకుండా పెట్టుకునే ప్యాడ్లు కొనలేనివారు మెత్తని పాత కాటన్ గుడ్డను మడతలు వేసి వాడుకోవచ్చు. తడిసిన వెంటనే మార్చాలి; తడి నిలిస్తే చనుమొనలు చిట్లి, ఫంగస్ సోకవచ్చు. తల్లిపాలు అశుద్ధం కావు. బట్టలపై పాల మరక నమాజుకు ఆటంకం కాదు. పాలిచ్చేటప్పుడు స్తనం బరువుగా ఉంటే కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. గడ్డ, ఎరుపు, జ్వరం కనిపిస్తే పాలివ్వటం ఆపకుండా వైద్యురాలిని కలవండి.

ఖర్చు సంగతి చూద్దాం. నెలల బిడ్డకు 400 గ్రాముల పాలపొడి డబ్బా వారం కూడా రాదు. అలాంటి డబ్బాలు రెండింటి ధరకు, పేరున్న బ్రాండు కాని కాటన్ ఫీడింగ్ బ్రాలు రెండు మూడు వస్తాయి. అర్హులైన తల్లులకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు రెండు విడతలుగా 5,000 రూపాయలు, రెండవ సంతానం ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు అందుతాయి. అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించుకోండి. ఆసుపత్రిలో ప్రసవమైన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావలసి ఉంటుంది. పాలిచ్చేటప్పుడు కలిగే నొప్పి గురించి ఆమెతో దాచకుండా మాట్లాడండి.

అత్తమ్మలారా! కోడలు అడగలేనిది మీరు ముందే అడగండి. షాపుకు ఆమెను ఒంటరిగా పంపకండి. భర్తలారా! కొలత రాసిన కాగితాన్ని చేతిలో పట్టుకొని తెనాలి వెళ్ళి రావటం మీ గౌరవానికి లోటు కాదు. అఖీఖా విందులో ఒక వంటకం తగ్గినా బిడ్డకు నష్టం లేదు. తల్లి నొప్పి లేకుండా పాలివ్వగలిగితే ఆ లాభం రెండేళ్ళ పాటు బిడ్డకే చెందుతుంది.

పాలిచ్చే తల్లుల హక్కును గుర్తించి, ఉన్నంతలో దానిని సంతోషంగా నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.