సంతకానికి ముందు

చదువులకీ, ఉద్యోగాలకీ అరకు లోయ దాటి విశాఖ దిగిన పిల్లలకు,

ఇక్కడ చోళ్లు ఇంటికొచ్చాయి, కాఫీ పళ్లు ఎర్రబడుతున్నాయి. వలిసెలు పూశాయి కాబట్టి ఫొటోలు దిగేవాళ్ల కార్లు రోడ్డు పొడుగునా ఆగుతున్నాయి. వచ్చి చూసిపోయేవాళ్లతో నాకు పేచీ లేదు. భూమి అడిగేవాళ్ల గురించే ఈ ఉత్తరం.

1/70 చట్టం ఉంది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అది మనకి తెలుసు, అడిగేవాళ్లకి ఇంకా బాగా తెలుసు. అందుకే అమ్మమని అడగరు. "పట్టా నీ పేరునే ఉంటుంది తాతా, లీజు కాగితం మీద వేలిముద్ర వెయ్యి చాలు" అంటారు. ఆ చట్టం లెక్కలో లీజు కూడా బదిలీయే, తాకట్టు కూడా బదిలీయే. ఈ మాట మీ అయ్యకి మీరు చెబితే వింటాడు, నేను చెబితే పాతకాలం మనిషినంటాడు.

అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల కొండల్ని గనులకిచ్చినప్పుడు సమత అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమిని సైతం ప్రైవేటు కంపెనీల గనులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో తీర్పొచ్చింది. దేశంలో ఆదివాసీలున్న చోటల్లా ఆ తీర్పు పేరు చెప్పుకుంటారు. అది పుట్టింది మన కొండల్లో. ఆ సంగతి మీ చదువుల్లో చెప్పారో లేదో గానీ, మీరు తెలుసుకుని తీరాలి.

సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మానుకే మిరియాల తీగ. మన కాఫీ 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట. లీజుకి తీసుకున్నవాళ్లు ఆ తోట కొట్టేసి టూరిస్టులకి గదులు కట్టాక మన కుర్రాడికి దక్కేది గేటు దగ్గర కాపలా. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఊరికి తిరిగొచ్చేయమని నేననను. పెద్ద చదువులు చదవండి, ఎక్కడ పని దొరికితే అక్కడ బతకండి. గ్రామసభ రోజున మాత్రం కిరండూల్ బండెక్కి రండి. అక్కడ చదివే ప్రతి కాగితాన్నీ మన కువి భాషలోనో, ఆదివాసీ ఒరియాలోనో ముసలివాళ్లకి విప్పి చెప్పండి. అది అయ్యేదాకా ఎవరిచేతా వేలిముద్ర వెయ్యనివ్వకండి. వచ్చేటప్పుడు మీ భూమి అడంగల్ నకలు తీయించి తెండి, హద్దులు కలిసి చూద్దాం.

మీ ఊరి తాత