గ్యాస్ మీద సోయి ఎన్నడు?

అమలాపురం పక్కన నేత చీరలకు పేరుపడ్డ ఊరు బండారులంక. ఆ ఊరికి గానీ, మొత్తం కోనసీమకు గానీ గ్యాస్ అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బద్దలై 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపు పగిలి 20 మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాస్ పోవాల్సిన పైపులో నీరు కలిసిన గ్యాస్ పంపి, తుప్పు పట్టించి, జనాన్ని బలిపెట్టారు.

మంట సంగతి జనానికి తెలుసు. ఆ గ్యాస్‌కు ధర కట్టేదెవరు, పంచేదెవరు, అందులో రాష్ట్రానికి దక్కేదెంత? ఇది మాత్రం తెలియదు. తప్పు జనానిది కాదు, తెలియజెప్పాల్సిన నాయకులది.

సముద్రంలో కేజీ బేసిన్ కథే చూడండి. 2002లో రిలయన్స్‌కు అక్కడ గ్యాస్ దొరికింది. 2004లో ఎన్టీపీసీ టెండరులో ఆ కంపెనీ చెప్పిన ధర 2.34 డాలర్లు (పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు). 2007లో ప్రణబ్ ముఖర్జీ నాయకత్వంలోని మంత్రుల బృందం అదే గ్యాస్‌కు 4.20 డాలర్లు ఖాయం చేసింది. మూడేళ్లలో సముద్రం లోతు పెరిగిందా? 2009లో గ్యాస్ బయటికి రాగానే కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్‌కు దాదాపు 1,400 కిలోమీటర్ల పైపు గుండా ప్రయాణం కట్టింది. ఆ పైపు పోయేది తెలంగాణ నేల కిందుగానే. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్న కంపెనీ 2010లో 6 కోట్ల దగ్గర ఆగి, అక్కడి నుంచి జారుడుబండ ఎక్కింది. 2013 నాటికి గోదావరి జిల్లాల గ్యాస్ కరెంటు ప్లాంట్లు మూలనపడ్డాయి. రావులపాలెం దగ్గరి 445 మెగావాట్ల కోనసీమ ప్లాంటు దివాలా కోర్టు మెట్లెక్కింది. ఆ రోజుల్లో పవర్ హాలిడేలతో మూతపడ్డ ఫ్యాక్టరీల కూలీలు, అర్ధరాత్రి మోటారు దగ్గర కాపలా కాసిన రైతులు గ్యాస్ విధానం పేరైనా విని ఉండరు. దాని దెబ్బ తిన్నది మాత్రం వాళ్లే.

2010 మే 7న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: గ్యాస్ జాతి సొత్తు, అన్నదమ్ముల ఒప్పందాలతో పంచుకునే ఆస్తి కాదని. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ సుదర్శన్‌రెడ్డి కూడా ఉన్నారు. తీర్పును పట్టుకుని పార్లమెంటును నిలదీయాల్సిన 42 మంది ఎంపీలు ఏం చేశారు? అంతకుముందు ముఖ్యమంత్రిగా వైఎస్ రాజశేఖరరెడ్డి ఢిల్లీకి లేఖలు రాశారు. లేఖలతోనే సరి.

అసలు చదవాల్సింది 2014 విభజన చట్టం. హైదరాబాద్ మీద, పోలవరం మీద గంటల తరబడి అరుచుకున్న పార్టీల్లో పన్నెండో షెడ్యూలు తిప్పి చూసిన వాళ్లెందరు? గ్యాస్ గురించి అక్కడ ఉన్నది రెండే మాటలు. కేటాయింపులు కేంద్ర విధానం ప్రకారమే సాగుతాయని ఒకటి. భూమ్మీద తీసిన చమురు, గ్యాస్ రాయల్టీ ఆ రాష్ట్రానికేనని రెండోది. సముద్రపు గ్యాస్ ఊసే లేదు. రాజ్యాంగం 297వ అధికరణం సముద్రగర్భాన్ని కేంద్రానికే అప్పగించిన మాట నిజం, దాన్ని కాదనలేం. కానీ గ్యాస్ ఒడ్డుకెక్కేది గాడిమొగలో, ఓడలరేవులో. భూములిచ్చింది, వేట పోగొట్టుకున్నది అక్కడి జనం. వాళ్ల వాటా గురించి చట్టంలో ఒక్క సవరణ అడగడానికి నోళ్లకేమైంది?

ఇప్పుడు దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతే. 2030 నాటికి ఇంధనంలో గ్యాస్ వాటా 15 శాతం చేస్తామని కేంద్రం చెప్తున్నది, ఆరేడు శాతం దగ్గరే ఉంది. అంటే మరిన్ని బావులు, మరిన్ని పైపులు. కోనసీమ పొలాల కిందే మళ్లీ తవ్వుతారు.

విద్యార్థులు, ఉద్యోగులు ఈ పన్నెండో షెడ్యూలు చదవాలి. ఓటుకు వచ్చే నాయకుడిని మూడు అడగాలి: మా ఊరి కింది పైపును ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారు? మా గ్యాస్ రాయల్టీ ఏ ఖాతాలో పడుతున్నది? బండారులంకలో ఎన్ని వంటిళ్లకు పైపు గ్యాస్ వచ్చింది? జవాబు చెప్పలేనివాణ్ణి వాకిట్లోంచే తిప్పి పంపాలి.