పాత రైఫిళ్లు: ధర సరుకుదా, కొరతదా?

అమెరికాలో పాత సైనిక రైఫిళ్ల ధరలను సరుకు నాణ్యం కన్నా దిగుమతి నిబంధనలే ఎక్కువగా శాసిస్తున్నాయి. సైన్యాల మిగులు తుపాకుల రాబడిని 1968 చట్టం ఆపింది. యాభై ఏళ్లు దాటిన వాటికి 1984లో సడలింపు లభించింది. సోవియట్ యూనియన్ పతనానంతరం మోసిన్-నాగాంట్ రైఫిళ్లు పెట్టెలకొద్దీ దిగాయి. 2000 దశకంలో సాధారణ రకం వంద డాలర్ల లోపే పలికింది. క్రమేణా రాబడి సన్నగిల్లింది. 2021లో రష్యా తయారీ తుపాకులకు కొత్త పర్మిట్లు నిలిచాయి. నేడు అదే రకం మూడు వందల డాలర్లు దాటింది.

ఈ పెరుగుదలను నమ్మి కూడబెట్టిన సొమ్మును కుమ్మరించడం క్షేమం కాదు. కోట్ల సంఖ్యలో తయారైన సరుకిది. ఒక ఉత్తర్వుతో బిగిసిన కొరత మరో ఉత్తర్వుతో సడలవచ్చు. అప్పుడు నష్టపోయేది ఆఖరున కొన్నవారే.

దిగుమతి తుపాకీపై దిగుమతిదారు పేరు చెక్కడం తప్పనిసరి. ఆ ముద్ర లేనిదానికి, తయారీనాటి నంబర్లు చెదరనిదానికి సేకర్తలలో గిరాకీ హెచ్చు. హెచ్చు ధర చెల్లించదలచినవారు అటువంటి సరుకుకే చెల్లించాలి. కేవలం నిషేధానికి వెల కట్టరాదు.