కల్కి-2 ఇంకా రాలేదు.. కాంప్లెక్స్ మాత్రం వచ్చేసింది

'కల్కి 2898 ఏడీ' మొదటి భాగం 2024 జూన్ 27న విడుదలైంది. రెండో భాగం ఇంకా థియేటర్లకు రాలేదు. కానీ దాని గురించి మాటలు మాత్రం ఆగడం లేదు. ఆ మాటలన్నీ ఒక్కచోటే తిరుగుతున్నాయి.. అందులో ఎవరుంటారు, ఎవరు ఉండరు అని. దీపికా పదుకొణె ఉండరని 2025 సెప్టెంబరు 18న వైజయంతీ మూవీస్ ప్రకటించాక అభిమానులు రెండు వర్గాలైపోయారు. ఇలాంటి సినిమాకు నిబద్ధత కావాలని సంస్థ తన ప్రకటనలో అంది. రోజుకు 8 గంటలే పనిచేస్తానన్నందుకే తప్పించారని బయట ప్రచారం జరిగింది. మిరప కోతలకు చీకటితోనే ఆటో ఎక్కే పర్చూరు వైపు ఆడవాళ్లు ఈ 8 గంటల పంచాయితీ వింటే నవ్వుకుంటారేమో!

అదలా ఉంచితే, ఆ సినిమా వేసిన అసలు ప్రశ్న ఈ గోలలో పక్కకు పోయింది. కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి. భూమ్మీద మిగిలిన చివరి నగరం కాశీ. కింద జనానికి నీళ్లకీ తిండికీ కటకట. పైన 'కాంప్లెక్స్' అనే తిరగేసిన పిరమిడ్ లాంటి లోకం. అక్కడ పచ్చదనం, నీళ్లు, అన్నీ ఉంటాయి. లోపలికి పోవాలంటే 10 లక్షల యూనిట్లు కట్టాలి. ప్రభాస్ వేసిన భైరవ తాపత్రయమంతా ఆ యూనిట్ల కోసమే. కాంప్లెక్స్ లోపలి ప్రయోగశాలలో ఆడవాళ్లను పెట్టి, వాళ్ల ఒంటి నుంచి సుప్రీం యాస్కిన్‌కు కావలసిన మందు తీస్తుంటారు. దీపిక పాత్రకు అక్కడ పేరుండదు, సమ్-80 అనే నంబరే ఉంటుంది. బయటపడ్డాకే ఆమె సుమతి అవుతుంది.

పేరున్నవాడు లోపల, పేరు లేనివాడు బయట. యుద్ధాలూ అశ్వత్థామా ఎంత ఉన్నా, సినిమాలో మిగిలే విషయం ఇదే. దీన్ని దర్శకుడు నాగ్ అశ్విన్ 2898కి తోసేశారు. అంత దూరం పోనక్కర్లేదనిపిస్తుంది. ఆ సినిమా టికెట్ దగ్గరే కాంప్లెక్స్ మొదలైంది కదా! ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ స్క్రీన్లలో టికెట్ మీద 75 రూపాయలు పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఐదుగురున్న ఇల్లు మొదటి రెండు వారాల్లో వెళ్తే మామూలు ఖర్చు కాక మరో 375 రూపాయలు.

టికెట్ సంగతి చిన్నది, పత్తి సంగతి అలా కాదు. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధరకు భారత పత్తి సంస్థ కొనాలంటే రైతు ముందుగా 'కపాస్ కిసాన్' అనే యాప్‌లో ఆధార్, భూమి వివరాలతో పేరు నమోదు చేసుకుని, స్లాట్ బుక్ చేసుకోవాలి. దళారుల పేర్లతో సరుకు రాకుండా ఉండటానికే ఇది అన్నది సంస్థ మాట. అందులో నిజం లేకపోలేదు. కానీ భూమి కాగితం ఒకరి పేరున, చేలో పంట ఇంకొకరిదిగా ఉండే కౌలు రైతు ఆ తెర ముందు ఏమని నొక్కాలి? చదువుకున్న కొడుకో, పక్కింటి కుర్రాడో దొరికితే స్లాట్ దొరుకుతుంది. లేకపోతే వచ్చిన ధరకు ఎవరికో ఇచ్చేయడమే. భైరవకు యూనిట్లు కావాలి, పర్చూరు రైతుకు స్లాట్ కావాలి. తేడా అంతే.

ఇక పేరు సంగతి. సినిమా పేరు ఈ నేలకు కొత్తది కాదు. పర్చూరు పక్కనే ఉన్న కారంచేడులో 1936లో పుట్టిన దగ్గుబాటి రామానాయుడు ఊళ్లో రైస్ మిల్లు నడిపి, మద్రాసు వెళ్లి, 1964లో 'రాముడు భీముడు' తీసి నిలబడ్డారు. 2009 సంవత్సరానికి ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. పేరు రావడానికి అప్పట్లో అన్నేళ్లు పట్టేది, అంత డబ్బు పణంగా పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు దానికి లెక్క మారిపోయింది. పేరంటే ఫాలోవర్లు. ఆ లెక్క కోసం ఎంత దూరం పోతారో చూపించిన కేసు కూడా ఈ చుట్టుపక్కలదే.

2023 నవంబరులో రష్మికా మందన్న లిఫ్టులోకి వస్తున్నట్టు ఒక వీడియో దేశమంతా తిరిగింది. అది వేరే మహిళ వీడియో. ఆమె ఒంటికి రష్మిక ముఖం అతికించారు. 'కల్కి'లో అశ్వత్థామ వేసిన అమితాబ్ బచ్చన్ కూడా ఇది చట్టప్రకారం గట్టిగా చూడాల్సిన విషయమని అప్పట్లో రాశారు. కేంద్ర మంత్రులు మాట్లాడారు. చివరికి 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది గుంటూరు జిల్లాకు చెందిన ఓ యువకుడిని. ఇంజనీరింగ్ చదివినవాడు. రష్మిక పేరు మీద అభిమానుల పేజీ నడుపుతున్నాడని, దానికి ఫాలోవర్లు పెరగాలని ఆ వీడియో చేశాడని పోలీసులు చెప్పారు. పగ లేదు, దోపిడీ ముఠా లేదు. అభిమానిని అని చెప్పుకునేవాడే, పేరు పెంచుకోవడానికి, అభిమానించే మనిషి ముఖాన్నే తీసుకున్నాడన్నమాట. యాస్కిన్ లాంటి విలన్‌ను రాయడం తేలిక. ఇలాంటి కుర్రాడిని ఏ సినిమాలో ఎక్కడ పెట్టాలి?

తెలుగులో కాలయంత్రం కథ అనగానే గుర్తొచ్చేది 1991 జులై 18న వచ్చిన 'ఆదిత్య 369'. అది 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. దాని రెండో భాగం 'ఆదిత్య 999' మీద కూడా ఏళ్ల తరబడి మాటలే. దాని దర్శకుడు సింగీతం శ్రీనివాసరావే తర్వాత 'కల్కి'కి మార్గదర్శకుడిగా ఉన్నారు. ఆ పాత సినిమాలో యంత్రం ఒక ప్రొఫెసర్ ఇంట్లో ఉంటుంది, పిల్లలు దానివైపు ఆశ్చర్యంగా చూస్తారు. 'కల్కి'కి వచ్చేసరికి యంత్రం రాజుది. నిజ జీవితంలో మాత్రం అది డిగ్రీ చదివే ప్రతి పిల్లాడి జేబులో ఉంది. మూడింటిలో ఎక్కువ భయపెట్టేది ఏదో వేరే చెప్పాలా?

యంత్రం ఇలా చేరువయ్యాక పేరున్నవాళ్లు త్వరగానే మేల్కొన్నారు. అమితాబ్ 2022 నవంబరులోనే తన పేరు, గొంతు, రూపం ఎవరూ వాడకుండా ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. 2025 సెప్టెంబరులో నాగార్జునకు అదే కోర్టులో ఊరట దొరికింది. అదే నెల 26న చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తర్వాతి నెలలో ఆయన అశ్లీల డీప్‌ఫేక్ వీడియోల మీద పోలీసులకు ఫిర్యాదు చేశారు, కేసు నమోదైంది. ఇందులో తప్పేమీ లేదు. ముఖం ఎవరిదైనా వాళ్లదే. అయినా పెద్ద నటుడికి సైతం అన్నీ చెల్లడం లేదు. ధనుష్ 'రాంఝణా' తమిళ రూపాన్ని 2025 ఆగస్టులో ఏఐతో ముగింపు మార్చి మళ్లీ విడుదల చేశారు. ధనుష్, దర్శకుడు ఆనంద్ ఎల్ రాయ్ ఇద్దరూ వద్దన్నా ఆగలేదు.

మరి పేరు లేని అమ్మాయి ముఖం? పర్చూరు నుంచి చీరాలకో, గుంటూరుకో బస్సులో కాలేజీకి పోయే పిల్ల వాట్సాప్ డీపీ చాలు ఇలాంటి పనికి. ఆమె వైపు నుంచి హైకోర్టుకు ఎవరూ పోరు. ముస్లిం ఇళ్లకు ఈ భయం ఏఐ రాకముందే తెలుసు. 2021 జులైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అనే యాప్‌లలో ముస్లిం మహిళల ఫొటోలు పెట్టి వేలం అని రాశారు. అవి దొంగిలించిన రహస్య ఫొటోలు కావు, వాళ్లు అందరికీ కనిపించేలా పెట్టుకున్న మామూలు ఫొటోలే. విలేకరులు కూడా ఉన్నారు అందులో. బుల్లీ బాయి కేసులో పట్టుబడ్డవాళ్లలో ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న విద్యార్థులు ఉన్నారు. సమ్-80కి పేరు తీసేసి నంబరు పెట్టారు. ఇక్కడ పేరు ఉంచి ధర పెట్టారు.

అలాంటిది జరిగితే చాలా ఇళ్లలో వచ్చే మొదటి ఆలోచన ఫోన్ లాక్కోవడం, రెండోది కాలేజీ మాన్పించడం. ఇజ్జత్ పోతుందన్న బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ లెక్క చూస్తే, బొమ్మ చేసినవాడి చదువు ఆగదు, బొమ్మలో ఉన్న పిల్ల చదువు ఆగుతుంది. ఇది ఏ చట్టం వేసిన శిక్షా కాదు, ఇంట్లో వేసుకున్న శిక్ష. తమ్ముడి ఫోన్‌లో ఏముందో మాత్రం ఎవరూ అడగరు. గుంటూరు కేసు చూశాక అదే ముందు అడగాల్సింది.

చిత్రం ఏమిటంటే, ఈ ఒక్క విషయంలో చట్టం పేరు లేనివాళ్లను పూర్తిగా వదిలేయలేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, ఒక మనిషి నగ్న చిత్రం గానీ, మార్ఫింగ్ చేసిన బొమ్మ గానీ పెడితే, ఆ మనిషో ఆమె తరఫున ఇంకొకరో నేరుగా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి సంస్థకు ఫిర్యాదు చేసుకోవచ్చు. దీనికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. 24 గంటల్లో దాన్ని తీసేసే చర్యలు తీసుకోవాలని 2021లో పెట్టారు. 2026 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించి ఆ గడువును ఇంకా కుదించారు, ఏఐతో చేసిన బొమ్మ మీద ఆ సంగతి రాయాలన్నారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద జరిగే నేరాలకు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే ఉచిత సేవ ఉంది. 18 ఏళ్లు నిండినవాళ్ల ప్రైవేటు బొమ్మను ఫోన్ దాటనివ్వకుండానే దానికొక కోడ్ తయారుచేసి సంస్థలకు పంపుతుంది. ఆ కోడ్‌తో సరిపోలితే బొమ్మ పైకెక్కదు. కొత్త నేర ప్రక్రియ చట్టంలో జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది కాబట్టి, మీ పరిధి కాదు పొమ్మనే హక్కు ఏ స్టేషన్‌కూ లేదు.

కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. కేంద్రం కదిలిన రష్మిక కేసులోనే మనిషిని పట్టుకోవడానికి రెండు నెలలు దాటింది. మామూలు ఇంటికి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. అందుకే స్టేషన్‌కి వెళ్లే తండ్రి చేతిలో ఉండాల్సినవి ఆ పోస్టు స్క్రీన్‌షాట్, లింకు, ఖాతా పేరు, చూసిన తేదీ, టైము. చాలా ఇళ్లలో కంగారులో మొదట డిలీట్ చేసేది వాటినే.